కాగు మీద పేరు

బొంబాయి వెళ్ళొచ్చానని చెబితే తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. సిద్ధివినాయకుడి దర్శనం అయిందా, మహాలక్ష్మి గుడికి వెళ్ళావా, పిల్లలకు బట్టలేమైనా కొన్నావా అని. "కామాటిపురా వెళ్ళాను, చోర్ బజారు వెళ్ళాను" అంటే మాత్రం ఎదుటివారి ముఖం కాస్త మారుతుంది. మొదటి పేరు వినగానే ఒక రకంగా, రెండో పేరు వినగానే ఇంకో రకంగా. ఈ రెండు చోట్లకూ నేను ఏడాదికి ఒక్కసారైనా వెళ్తాను. ఒకటి నేను పుట్టి పెరిగిన చోటు. రెండోది మా ఇంటి సామాను చేరిన చోటని నలభై ఏళ్ళుగా నేను నమ్ముతూ వచ్చిన చోటు.

ఊరి పేరు 1995లో ముంబయిగా మారింది గానీ, మా ఇళ్ళలో అది ఇప్పటికీ బొంబాయే. ఇక్కడా అట్లాగే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

కామాటిపురా పేరు సినిమాల వల్ల దేశమంతా తెలుసు. 2022లో వచ్చిన హిందీ సినిమా తర్వాత తెలియని వారు బొత్తిగా లేకుండా పోయారు. అయితే ఆ పేరులో ఉన్నది మనవాళ్ళేనన్న సంగతి చాలామందికి తెలియదు. కామాటి అంటే మట్టి పని, రాతి పని చేసే కూలీ. బొంబాయి ఏడు దీవులుగా ఉన్న రోజుల్లో మహాలక్ష్మి దగ్గర సముద్రపు పోటు లోపలికి వచ్చి మధ్యనున్న పల్లపు భూముల్ని ముంచేసేది. గవర్నరు హార్న్‌బీ పేరుతో పిలిచే గట్టు 1784లో పూర్తయ్యాక ఆ నేల తేలింది. కట్టుబడి పనులకు నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు ఆ నేల మీద ఇళ్ళు వేసుకున్నారు. వాళ్ళ పేరే పేటకు నిలిచింది. కాలక్రమాన కూలీలలోంచి మేస్త్రీలు, మేస్త్రీలలోంచి పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు వచ్చారు. 1873లో జ్యోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన వారిలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు.

ఆ తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. చేతిమగ్గాలు నడవక కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు పద్మశాలీలు మిల్లు పనికి బయలుదేరారు. మిల్లును మా వాళ్ళు మరాఠీ వాళ్ళలాగే గిర్ని అనేవారు. మగవాళ్ళు గిర్నికి పోతే, ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుట్టేవారు. అంకెలతో పిలిచే ఆ గల్లీలలో కొన్నిటికి చెడ్డపేరు వచ్చింది. మిగతా గల్లీలలో బతుకమ్మ ఆడారు, పిల్లల్ని తెలుగు బళ్ళకు పంపారు. బయటివాళ్ళకు మాత్రం గల్లీకీ గల్లీకీ తేడా లేదు.

మా బాపమ్మ, అంటే నాయనమ్మ, 1946లో కొత్త కోడలిగా జగిత్యాల వైపు నుంచి ఈ గల్లీలలోకి వచ్చింది. నిజామాబాదులో చిన్న పట్టాల రైలెక్కి, మన్మాడులో పెద్ద పట్టాల రైలుకు మారి వచ్చారట. వెంట ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి కాగు. కాగంటే నీళ్ళకు వాడే పెద్ద పాత్ర. గంగాళం అంటే ఎక్కువమందికి అర్థమవుతుందేమో. పుట్టింటివారు పెట్టిన ఆ కాగు మెడ దగ్గర బాపమ్మ పేరు, ఊరి పేరు, పెళ్ళయిన సంవత్సరం చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేవి.

మా ఖోలీ పది అడుగులకు పన్నెండు అడుగులు. అందులో తొమ్మిది మందిమి. కుళాయి నీళ్ళు తెల్లవారుజామున గంటసేపు వచ్చేవి. ఆ గంటలో కాగు నిండితే ఇల్లు నడిచినట్టే. నన్ను కార్పొరేషన్ వారి తెలుగు బడిలో వేయకముందే బాపమ్మ నా వేలు పట్టుకుని ఆ చుక్కల మీద దిద్దించేది. ఆమెకు చదవడం రాదు. అయినా ఆ మూడు మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో కంఠతా వచ్చు.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. ఆ సమ్మెను అధికారికంగా ఎవరూ విరమించనే లేదు. మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మా ఇంట్లో బాపు, చిన్నబాపు ఇద్దరిదీ ఒకటే గిర్ని. రెండు జీతాలూ ఒకే రోజు ఆగిపోయాయి. బీడీల డబ్బు కిరాణా కొట్టుకే చాలేది కాదు.

మొదట పోయింది బాపమ్మ పెళ్ళి పట్టుచీర. పాత జరీ కొంటామని కేకలేస్తూ వచ్చేవాళ్ళు ఉండేవారు. చీరను కాల్చి జరీలోని వెండి తీసుకునేవారు. చీర ఎంత బాగుందన్నది కాదు, అంచులో ఎంత వెండి ఉందన్నదే లెక్క. ఆ తర్వాత చిన్న చిన్న బోళ్ళు పోయాయి. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి కాగు ఉండే మూల ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది.

"కాగేది బాపమ్మా?" అన్నాను.

"ఊరికి పోయింది బిడ్డా" అంది. బీడీల చాట మీంచి తల ఎత్తలేదు.

నాకప్పుడు పదేళ్ళు. ఆ జవాబు నిజం కాదని తెలుసుకునే వయసే. మళ్ళీ అడగలేదు. ఆ మరుసటి ఏడు బాపు మరమగ్గాల పనికి భివండి వెళ్ళాడు. మేమంతా అక్కడి పద్మనగర్‌కు మారాం. బాపమ్మ 1994లో పోయింది. పెళ్ళయి నేను వేరే ఊరు వచ్చేశాను. అయినా పాత సామాను అమ్మే చోటు ఎక్కడ కనబడినా, ఇత్తడి పాత్ర మెడ మీది పేరు చదవకుండా ముందుకు కదలలేను. మావారు దీన్ని నా రెండో ఉద్యోగం అంటారు.

ఈ మధ్య వర్లీ చాల్‌లో ఉండే మా చిన్నబాపు, ఖోలీ ఖాళీ చేస్తున్నాం, సర్దడానికి రమ్మని కబురు చేశాడు. వారం రోజులుండేలా బయలుదేరి శుక్రవారం తెల్లవారుజామునే దిగాను. ఆ శుక్రవారం కావాలనే ఎంచుకున్నాను.

శుక్రవారం నాడు నాలుగు గంటలకే కామాటిపురా పక్కన దేఢ్ గల్లీలో సంత మొదలవుతుంది. దేఢ్ గల్లీ అంటే ఒకటిన్నరో గల్లీ. అంకెల వరుసలో ఇమడని సందుకు ఎవరో సరదాగా పెట్టిన పేరై ఉండాలి. చీకట్లో సెల్‌ఫోన్ల వెలుతురులో నేల మీద గుట్టలు గుట్టలుగా బూట్లు, ప్యాంట్లు, చొక్కాలు. తెల్లగా తెల్లవారి బడిపిల్లలు రోడ్డెక్కే వేళకు ఆ గుట్టలు మాయమవుతాయి.

ఈ పాత బట్టలు ఎక్కడి నుంచి వస్తాయో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. "పాత బట్టలకు స్టీలు గిన్నెలు" అనే కేక వినని తెలుగిల్లు ఉండదు. బొంబాయిలో ఆ పని ఎక్కువగా చేసేది గుజరాత్ నుంచి వచ్చిన కుటుంబాల ఆడవాళ్ళు. బుట్టలో గిన్నెలు పెట్టుకుని మేడలెక్కి దిగి, రెండు ప్యాంట్లకు ఒక డబ్బా, నాలుగు చీరలకు ఒక బేసిన్ అని బేరమాడతారు. తెచ్చిన బట్టల్ని విడదీస్తారు. గట్టివి ఉతికి, కుట్టి, ఇస్త్రీ చేసి సంతకు పంపుతారు. చిరిగినవి చిందీ అయి, యంత్రాలు తుడవడానికి కార్ఖానాలకు పోతాయి. ఇప్పుడు కాలేజీ పిల్లలు పాత కాలపు చొక్కాలు ఫ్యాషన్ అని ఇక్కడికి వస్తున్నారు. నా పక్కన ఒక కుర్రాడు పెద్ద కాలరున్న చొక్కా తీసి మురిసిపోతున్నాడు. మా బాపు పెళ్ళి ఫొటోలో వేసుకున్న చొక్కాకూ అదే కాలరు. కొనమన్నాను. కొన్నాడు.

అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే మటన్ స్ట్రీట్, చోర్ బజారు. ముందు శోర్ బజారు, అంటే గోల బజారు అనేవారనీ, తెల్లవాళ్ళ నోట్లో అది చోర్ బజారైందనీ చెబుతారు. మీరెప్పుడైనా వెళ్ళదలిస్తే ఒక మాట గుర్తుపెట్టుకోండి. మటన్ స్ట్రీట్ దుకాణాలకు శుక్రవారం సెలవు. ఆ రోజు వీధిలో నేల మీద పరిచి అమ్మేవారు మాత్రం వస్తారు. దుకాణాల్లో సామానుకు వయసు చెప్పి ధర చెబుతారు. నేల మీద సామానుకు ధర ఒక్కటే చెబుతారు. పాతదానిలా కనిపించేట్టు చేసిన కొత్త సామాను కూడా బోలెడు ఉంటుంది. ఇత్తడి పాత్ర కొనేటప్పుడు చేత్తో బరువు చూడండి, వేలితో కొట్టి మోత వినండి, అడుగున అతుకు వేశారేమో తిప్పి చూడండి. వంటకు వాడదలిస్తే లోపల మళ్ళీ కళాయి పెట్టించక తప్పదు.

రెండేళ్ళ కిందట అక్కడి ఒక దుకాణంలో పాత బట్టల మధ్య ఎర్రటి చదరపు గుడ్డ కనిపించింది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు, మధ్యలో చుక్కలు. అరబ్బుల తలగుడ్డ, అరేబియా సరుకు అన్నాడు దుకాణదారు. నాకు నవ్వొచ్చింది. అది మన తేలియా రుమాలు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, నిలువు దారానికీ అడ్డదారానికీ కూడా ముందే ముళ్ళు కట్టి రంగులద్ది నేస్తారు. చీరాలలోనూ నల్గొండ వైపు పుట్టపాకలోనూ నేసినవి అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఎండలో తలకు చల్లగా ఉంటుందని వాళ్ళు ఇష్టపడేవారు. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ సంగతంతా చెబితే దుకాణదారు శ్రద్ధగా విని, "అయితే ఇంకా మంచి సరుకన్నమాట" అని ధర పెంచాడు! నేను కొనలేకపోయాను.

ఈసారి నేల మీద సామానులో రెండు వస్తువులు కనిపించాయి. ఒకటి చిన్న ఇత్తడి చెంబు. దాని మీద తెలుగు అక్షరాలు. మొదటి వరుస అరిగిపోయింది. రెండో వరుసలో "మేనత్త కానుక, జగిత్యాల" అని ఉంది. బేరం కూడా చేయకుండా కొన్నాను. రెండోది ఒక పెద్ద కాగు. గుండె ఝల్లుమంది. వంగి మెడ చుట్టూ చూశాను. ఎక్కడా పేరు లేదు. ఒకచోట మాత్రం అరచేయంత మేర సొట్టలు పడి, గీరుకుపోయి ఉంది. "పేరు లేదమ్మా, సాఫు సరుకు" అన్నాడు అమ్మేవాడు, అది మెచ్చుకోవలసిన సంగతిలాగా. పేరు లేనిది నాకెందుకని లేచి వచ్చేశాను.

వర్లీ బీడీడీ చాల్‌లు 1920లలో ప్రభుత్వం కట్టించినవి. నేల మీద ఒకటి, పైన మూడు అంతస్తులు. ఒక్కో కుటుంబానికి 160 చదరపు అడుగుల గది. వాటిని కూల్చి బహుళ అంతస్తుల భవనాలు కడుతున్నారు. మొదటి విడతగా 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ళ తాళాలు ఇచ్చారు. చిన్నబాపుది మామగారి నుంచి వచ్చిన ఖోలీ. ఇల్లరికపు అల్లుడినని తనమీద తనే ఇప్పటికీ జోకులేసుకుంటాడు. వాళ్ళ వంతు వచ్చేదాకా అద్దె ఇంట్లో ఉండాలి. వరండాలో అప్పటికే ఒక గోనెసంచి కట్టి ఉంది. అందులో ఇత్తడి సర్వలు, తాంబాళం, గుండిగ.

"తూకానికి ఇచ్చేద్దామనుకుంటున్నాం వదినా. కొత్త ఇంటి వంటగదిలో ఇవెక్కడ పెడతాం?" అంది మా తమ్ముడి భార్య. ఆమెనని లాభం లేదు. 160 అడుగుల గదిలో ఇరవై ఏళ్ళు వంట చేసిన మనిషి.

నా చెంబు చూపించాను. చిన్నబాపు అద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాడు.

"మనోళ్ళదే. పేరు తియ్యకుండనే అమ్మిన్రు" అన్నాడు.

"పేరు తియ్యడమేంది చిన్నబాపూ?"

ఆయన కాసేపు చెంబును తిప్పుతూ కూర్చున్నాడు. "నీకు తెల్వదా? మన కాగును నేనూ మీ బాపూ మోసుకపోయినం. ఇంకా తెల్లారలే. అంతకుముందు రాత్రి మా అమ్మ రోకలిబండ తీసుకొని పేరు మీద కొట్టింది. పక్క ఖోలీల సప్పుడు వినవడద్దని బొంత కప్పి కొట్టింది. 'బజార్ల ఎవలన్న సదివితె మన ఇజ్జత్ ఏముంటది' అన్నది. మేం సూసుకుంట నిలవడ్డం. ఒక్కలం వద్దనలే."

"ఎవరికమ్మారు?"

"తూకానికి. కరగవోసిన్రో, గట్లనే అమ్ముకున్రో ఎవలకెరుక."

తన పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి కదా, చీకట్లోనైనా సరిగ్గా అక్కడే కొట్టి ఉంటుంది. నలభై ఏళ్ళుగా నేను పేరున్న పాత్రలే చూస్తూ, సొట్టలున్నవన్నీ వదిలేస్తూ వచ్చాను. పొద్దున చూసిన కాగు గుర్తొచ్చింది. అది మాదే అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. సమ్మె రోజుల్లో అట్లా ఎన్ని ఇళ్ళలో రోకళ్ళు లేచాయో మరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాపమ్మ మీద కోపం రాలేదు. నా పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మా వాళ్ళు "ఎక్కడుండేవారు?" అన్న ప్రశ్నకు "బైకల్లా దగ్గర" అని చెప్పడం గుర్తొచ్చింది. మా ఆయనకే ఏడాది గడిచాక చెప్పాను. మా అమ్మాయి బడి ఫారంలో తల్లి పుట్టిన స్థలం అన్నచోట బొంబాయి అని రాసి ఊరుకున్నాను. గల్లీ పేరు మీద నేను కప్పిన బొంతలు లెక్కపెడితే చాలానే ఉన్నాయి.

వారం రోజులు సామాను సర్దాం. గోనెసంచి విప్పించాను. ఒక్కో పాత్రా చింతపండు పెట్టి తోముతూ, మీద ఉన్న పేర్లు మరదలికీ పిల్లలకూ చదివి వినిపించాను. తాంబాళం మీద చిన్నమ్మ పేరు, ఆమె మేనమామ పేరు ఉన్నాయి. చిన్నమ్మ పోయి ఆరేళ్ళు. మనవడికి తెలుగు చదవడం రాదు. నా ఫోనులో ఫొటో తీసుకుని ఒక్కో అక్షరమూ అడిగి తెలుసుకున్నాడు. చివరికి తాంబాళం, ఒక సర్వ కొత్త ఇంటికి వెళ్ళడానికి నిలిచాయి. మిగతావి తూకానికే వెళ్ళాయి. అన్నీ దాచుకోమని చెప్పే హక్కు నాకు లేదు. వాటి మీది పేర్లు మాత్రం ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాం.

మళ్ళీ శుక్రవారం తిరుగు రైలెక్కే ముందు మటన్ స్ట్రీట్ వెళ్ళాను. కాగు లేదు. అమ్మేవాణ్ణి అడిగితే ఆ రోజే పోయిందన్నాడు. ఎవరో పూలకుండీ కోసమని కొన్నారట.

దారిలో మా గల్లీ మీదుగా నడిచాను. సుమారు 34 ఎకరాల కామాటిపురాను కూడా పడగొట్టి కొత్తగా కట్టే పథకం వచ్చింది. మా చాల్ ఇంకా ఉంది. మా గది తలుపు ముందు వేరెవరి చెప్పులో ఉన్నాయి. మెట్ల కింద ఒక ముసలమ్మ ఎవరు కావాలని హిందీలో అడిగింది. నేను తెలుగులో, ఇక్కడే పుట్టానని చెప్పాను. "ఎవల బిడ్డవు?" అని వెంటనే తెలుగులోకి దిగింది. బాపమ్మ పేరు చెప్పాను. ఆమెకు గుర్తు రాలేదు. అయినా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఇళ్ళలో అటక మీదో, ఊళ్ళో అమ్మ దగ్గరో ఇట్లాంటి పాత్ర ఒకటైనా ఉంటుంది. ఈ సెలవుల్లో దించి, తోమి, దాని మీది పేరు పిల్లల చేత చదివించండి. పేరు లేకపోయి సొట్టలుంటే, ఎందుకున్నాయో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. నేను అడగడానికి నలభై ఏళ్ళు పట్టింది. చెప్పడానికి ఒక్కరు మిగిలి ఉండబట్టి సరిపోయింది.

మేనత్త కానుక ఇప్పుడు మా పూజగదిలో ఉంది. అది ఏ ఇంటిదో వారికి ఆనవాలు తెలిస్తే పత్రిక ద్వారా రాయండి, తెచ్చి ఇస్తాను. నన్ను గురించి అడిగితే, కామాటిపురాలో పుట్టిన మనిషి దగ్గర ఉందని చెప్పండి.